యతిరాజులు బరువెక్కించిన తలుపులు

యతిరాజులు తిరుపతిలో గుండు కొట్టించుకుని వచ్చేసరికి తొమ్మిదేళ్ల పొత్తు తెగిపోయి ఉంది. తొండియార్‌పేటలో ఆయనా, తంగరాజూ కలిసి తుక్కు ఇనుము కొట్టు నడిపేవాళ్లు. 97లో, ఊరి బయట పందెంలో పల్టీకొట్టిన రేసు కారు ఒకటి ఇద్దరూ కలిసి కొన్నారు. ఆయన లేని మూడు రోజుల్లో తంగరాజు ఇంజనూ, గేరుబాక్సూ, చక్రాలూ విప్పి ఎదురు వరసలో పెట్టిన కొత్త కొట్టుకు చేర్చుకున్నాడు. ఈయనకు మిగిల్చింది బానెట్టూ, రెండు తలుపులూ, డిక్కీ మూతా.

“సరిగ్గానే పంచినా అన్నా. లోపలిది నాకు, బయటిది నీకు. అమ్ముడుపోకుంటే మా కొట్టుకి వచ్చేయి, త్రాసు కాడ మనిషి కావాల.”

యాభై రెండేళ్ల మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో అదే వీధిలో ఉండే నేను చూశాను. ఆ నాలుగు ముక్కలూ అమ్మితే ఆయన కొట్టు ఆయనది. లేకపోతే తంగరాజు దగ్గర కూలి.

ఆయనకు తెలిసిన పరీక్షలు రెండే. అయస్కాంతం పెడితే అంటలేదు. తలుపును త్రాసులో వేస్తే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. పైన చాప అల్లినట్టు నల్లటి నేత. వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

“ఇదేంది అబ్బయా, ప్లాస్టిక్కా, గుడ్డా?”

ఆయన కొట్టుకు తూకానికొచ్చే పాత పత్రికలు ఏరుకుని చదివేవాణ్ణి నేను. అలాంటి నేత బొమ్మ ఒకదాంట్లో చూశాను. “కార్బన్ ఫైబర్ మామా. ఇనుముకన్నా గట్టిది. చాలా ఖరీదు,” అన్నాను. ఎందుకంత ఖరీదో చెప్పలేదు. మిగతా పేజీ చదవలేదు మరి.

మౌంట్‌రోడ్డులో రేసు కార్లు బాగుచేసే షెడ్డుకు కబురు పెట్టాను. కేశవ్ అనే కుర్రాడు ఆదివారం వస్తానన్నాడు.

“అంత ఖరీదు సరుకు ఎత్తితే విసనకర్ర మాదిరి ఉండాది. మోసమనుకోడా?” అన్నాడు ఆయన శుక్రవారం. నేను నవ్వి వెళ్లిపోయాను.

ఆదివారం వెళ్లేసరికి నాలుగు ముక్కలూ ఎర్రగా మెరుస్తున్నాయి. శనివారమంతా టింకరు నాగలింగాన్ని కూర్చోబెట్టి, లోపల ఇనప రేకులు రివెట్లతో బిగించి, పైన పుట్టీ మెత్తి రంగు వేయించాడు. తూకంలో కోత పెట్టడమే అలవాటైన ఆ వీధిలో ఈయన సొంత రేకు కలిపి ఇస్తున్నాడు!

కేశవ్ నవ్వుతూ వచ్చి ఒంటి చేత్తో బానెట్టు ఎత్తబోయాడు. అది లేవలేదు. రెండు చేతులూ వేసి తిరగేసి చూశాడు.

“అంకుల్, లోపల ఐరన్ ఎందుకు?”

“గట్టిగా ఉంటుందని బాబూ. నా రేకే. దానికి వేరే డబ్బులొద్దు.”

“లైట్‌గా ఉంటుందనే కదా నేనొచ్చింది! ఇన్ని హోల్స్ వేశారు, ఫైబర్ మొత్తం పోయింది. డూప్లికేట్ అని తెలియకుండా పెయింట్ కొట్టారా?”

“అయ్యో, ఒరిజినలే బాబూ, వెంకన్న సాక్షి!”

కేశవ్ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి బండి స్టార్ట్ చేశాడు. ఎదురు కొట్టులోంచి తంగరాజు కేక పెట్టాడు. “ఏమన్నా, గిరాకీ పారిపోతా ఉండాడు? త్రాసు తుడిచి పెట్టమంటావా?”

రేకులు పీకి ఇనుము కింద అమ్మాడు. చిల్లులుపడ్డ నల్ల ముక్కలను ఎవరూ ముట్టలేదు. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చేసరికి కొట్టు మూసేశాడు.

నాకు ఊరి శివార్లలో, మనలి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికింది. వెళ్లేముందు చెప్పిపోదామని వెళితే, తంగరాజు కొట్టులో త్రాసు ముందు స్టూలు మీద యతిరాజులు కూర్చుని ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు. నన్ను పక్కన కూర్చోమని మెల్లగా అడిగాడు:

“తూకంలో తగ్గించేటోడు దొంగ, అది నాకు తెలుసు. నేను ఎక్కువే కలిపితిని గదా అబ్బయా. మరి ఆ పిల్లోడు నన్ను దొంగని చూసినట్ల చూసినాడే, అది ఎందుకో ఇంకా తెలీలా. నువ్వన్నా చెప్పు.”