తోక మొదట తెల్లపట్టీ

నా చిన్నప్పుడు, అమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు, నన్ను కీసరలో పెద్దమ్మగారింట్లో దించి వెళ్లారు. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. అదే ముఖం, అదే నడక. వెనకనుంచి చూస్తే అమ్మే అనిపించేది. వచ్చిన చుట్టాలంతా నా గడ్డం పట్టుకుని, ఇక ఈవిడే మీ అమ్మ, అమ్మా అని పిలువు అనేవారు. నాకు ఒళ్లు మండేది. అమ్మా అనడానికి నోరు రాక, పెద్దమ్మా అంటే తిడతారని, అసలు పిలవడమే మానేశాను. దాహమేసినా అడగకుండా కుండ దగ్గర నిలబడేదాన్ని. ఇంటినిండా జనం ఉన్నా నాకు మాట్లాడే మనిషి లేదు.

ఓ రోజు పొద్దున్నే పెద్దనాన్న నన్ను పొలానికి తీసుకెళ్లాడు. మాగాణి పక్క కుంటలో ఈలబాతులు దిగి ఉన్నాయి. అవి గోధుమరంగు అడవిబాతులు. ఎన్ని రకాలున్నాయో చెప్పమన్నాడు. ఎంతసేపు చూసినా నాకన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఒక వేలు చూపించాను. ఆయన నవ్వి, తలగుడ్డ విప్పి గాల్లో ఝాడించాడు. బాతులన్నీ ఈలలు వేస్తూ లేచాయి.

"తోకలకేసి చూడమ్మా!"

కొన్నిటికి తోక మొదట్లో తెల్లపట్టీ కనిపించింది. మిగతావాటికి అక్కడ ఎర్రగా ఉంది. పట్టీ ఉన్నవి పెద్ద ఈలబాతులట, లేనివి చిన్నవట. దగ్గర చుట్టాలే, కలిసే మేస్తాయి, అయినా దేని జాతి దానిదే.

"మీ అమ్మా, పెద్దమ్మా కూడా అంతేనమ్మా. వాళ్ల మాటలకేంగానీ, నువ్వు పెద్దమ్మా అనే పిలువు. ఎప్పుడు పిలుస్తావా అని అది కాచుక్కూచుంది."

గట్టుమీదే బోరుమన్నాను. అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదలు.

ఇంటికొచ్చి, పొయ్యి దగ్గరున్న ఆవిడ వెనక నిలబడి, పెద్దమ్మా, ఆకలేస్తోంది అన్నాను. ఆవిడ గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ చెల్లెలు పోయిందన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

ఆవిడ పోయేదాకా పెద్దమ్మా అని నోరారా పిలిచాను. ఇప్పుడు నందిగామలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మేడమీద బట్టలు ఆరేస్తుంటే ఎప్పుడైనా పైనుంచి ఈలలు వినిపిస్తాయి. తలెత్తి తోకలు చూస్తాను. అమ్మా అన్న పిలుపు మాత్రం మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. అది ఇంకా నా దగ్గరే ఉంది.