కడిగిన నీళ్ల సంగతి

అరవైల నడుమ నార్కట్‌పల్లి దాపున జొన్నచేలలో కలుపుమందు ఎలా చల్లాలో రైతులకు చూపించే ఉద్యోగం నాది. రసాయనశాస్త్రం చదివినవాణ్ణి, ఎవరేం చెప్పినా పరీక్షించి చూస్తే గాని నమ్మేవాణ్ణి కాదు. ఆ మందు వెడల్పాకు కలుపును చంపి జొన్నను వదిలేస్తుంది. మట్టిలో పడింది కొన్నాళ్లకు విరిగిపోతుందని నేను చెప్పే పాఠం. ఆ 'కొన్నాళ్లు' ఎన్నాళ్లో మాత్రం నేనెన్నడూ కొలవలేదు.

ఒక అవ్వ చేనులో మొదటిసారి చల్లాం. పిచికారీ డబ్బాలో మిగిలిన మందుతోపాటు అది కడిగిన నీళ్లను ఆమె పాత కుండలో పట్టి, బావి పక్కన సొరపాదుకు పోసింది. బియ్యం కడిగిన నీళ్లు సైతం పశువుల కుడితికి చేరే ఇల్లది. కడిగిన నీళ్లను పారబోయడం వాళ్లకు తెలియదు. పైగా కలుపును చంపేదాన్ని అందరం 'మందు' అనే పిలిచాం.

వారం తిరక్కముందే కబురొచ్చింది. వెళ్లేసరికి సొరతీగ పేనిన తాడులా మెలితిరిగి ఉంది.

"గిదేం మందు సారూ? రోగం తగ్గిస్తదనుకుంటే పానమే దీసింది!"

"సొరపాదుకు పొయ్యమని నేను చెప్పిన్నా అవ్వా?"

"పొయ్యొద్దని చెప్పినవా మరి?"

నవ్వక తప్పింది కాదు. కాని ఆమె దిగులు సొర గురించి కాదు. ఆ నీళ్లు పాదు దాటి పక్క మడిలోకి పారాయి. ఆమెకు బావినీరు అందే జాగా అదొక్కటే. మరో నెలకు అందులో మిరపనారు నాటాలి.

"నారు బతుకుతదా, సస్తదా? గది చెప్పు."

తొమ్మిది కుండలు తెప్పించాను.

"పెండ్లికి ఐరేని కుండలు దెచ్చినట్టు దెచ్చినవ్. పిల్లెవరు సారూ?"

మూడింటిలో ఆ మడి మన్ను, మూడింటిలో మందు చల్లిన చేను మన్ను, మూడింటిలో మందు తగలని మన్ను నింపి, సొరలాగే వెడల్పాకుదైన అలసంద గింజలు పెట్టాను. మందు తగలని మన్నులో మొలకలు నిటారుగా లేచాయి. చేను మన్నులో కాస్త వంగాయి. మడి మన్నులో మొలిచినవన్నీ మెలికలే. చేనంతా పలుచగా పరుచుకోవలసిన మందు ఒకేచోట చిక్కగా చేరిందన్నమాట. అప్పటినుంచి చేనుకు సరిపడినంతే కలిపించాను. డబ్బా కడిగిన నీళ్లను ఆ చేనులోనే తిరుగుతూ పలుచగా చల్లించాను. బావి దరిదాపుల్లో ఎవరినీ కడగనివ్వలేదు.

రెండు పెద్ద వానలు పడ్డాక మళ్లీ పరీక్షిద్దామని వెళ్లాను. అవ్వ అప్పటికే ఆ మడిలో పిడికెడు అలసందలు చల్లి ఉంచింది. మొలకలు నిటారుగా ఉన్నాయి.

"ఇగ నారు నాటుత."

"జర ఆగవ్వా. మందు తగలని మన్నుతో పోల్చకుండ ఎట్ల నమ్ముతం?"

ఆమె నా చెయ్యి పట్టి, ఆ నీళ్లు పారని అవతలి గట్టుకు లాక్కుపోయింది. "గిక్కడ గూడ అదే దినం ఏసిన. నువ్వు చేసుడు నేను జూడలేదా?"

స్కేలు తీసి రెండుచోట్లా కొలిచాను. తేడా కనిపించలేదు.

"కొలుసుడైపోతే నారు అందియ్యి," అంది, మడిలోకి దిగుతూ. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అందిస్తూనే ఉన్నాను.