పచ్చబడకూడని మడి

ప్రభుత్వ సొమ్ముతో నడిచే వ్యవసాయ విశ్వవిద్యాలయం చరిత్ర రాయమంటే మనవాళ్ళు పునాదిరాయి దగ్గర మొదలెట్టి స్నాతకోత్సవం ఫొటో దగ్గర ఆపేస్తారు. అసలు దాన్ని దేనికి పెట్టారో చెప్పరు. ఎరువుల కంపెనీ తన సరుకే గొప్పదంటుంది. రైతు తన అనుభవమే గొప్పదంటాడు. ఎవరి మాట ఎంతవరకు నిజమో, ఎవరి మొహమూ చూడకుండా తేల్చే మూడో మనిషి కావాలి. జనం పన్నులు కట్టేది అందుకు. మిగతాదంతా ఉపన్యాసం.

ఒక విశ్వవిద్యాలయంలో ఆ మూడో మనిషి గేటు పక్కనున్న ఒక జొన్న మడి. బడి తెరిచిన ఏడాదే మడులు విడదీశారు. ఒకదానికి పశువుల ఎరువు, ఒకదానికి బస్తా ఎరువు, ఒకదానికి రెండూ. ఈ మడికి మాత్రం ఏమీ లేదు. అదే విత్తనం, అదే దుక్కి, అదే కలుపుతీత. ఎరువు మాత్రం ఇన్ని దశాబ్దాల్లో చిటికెడు కూడా పడలేదు. పక్క మడులకు వేసింది ఎంత పనిచేసిందో దీన్ని చూసే చెప్పాలి. పైరు మోకాలెత్తుకు రాకుండానే పాలిపోతుంది. అందరూ దాన్ని ఆకలి మడి అంటారు.

ఆ మడిని చూసుకునే అధికారి ఒకావిడ. తండ్రి దర్జీ. వాళ్ళింట్లో పొలం గట్టెక్కినవాళ్ళు లేరు. ఫీజు ప్రభుత్వం కట్టబట్టి మట్టి గురించి చదువుకుంది. కంపెనీ వాళ్ళు కారు ఇస్తామన్నా కాదని ఇక్కడ చేరింది. త్యాగమేం కాదు, ఊళ్ళు తిరిగి సరుకమ్మడం ఆవిడకు చేతకాదు. "ఇక్కడ నీ పని ఏమీ చెయ్యకపోవడం. అది నువ్వనుకున్నంత తేలిక కాదమ్మా" అన్నాడట అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నాయన.

తేలిక కాలేదు మరి. ఒక పెద్దసారు అక్కడ కార్లు నిలుపుదామన్నాడు. ఇంకొకాయన పచ్చిక వేయిద్దామన్నాడు. అందరితోనూ పోట్లాడి నెగ్గింది. ముప్పు ఇంట్లోంచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆవిడ మావగారు జీవితమంతా సేద్యం చేసి, మోకాళ్ళు మొరాయించాక వీళ్ళ దగ్గరికొచ్చాడు. కోడలంటే ప్రాణం. సాయంత్రాలు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు.

"ఏం పెద్దాయనా, మీ కోడలి పొలానికి కామెర్లు ఇంకా తగ్గలేదా?" అనేవాళ్ళు అక్కడ.

"పంట పండించడం వాళ్ళ సిలబస్‌లో లేదు లెండి" అని ఇంకొకడు అందుకునేవాడు.

మడి సంగతి కోడలు ఎన్నోసార్లు చెప్పింది. విని తలూపేవాడు. విషయం తలకెక్కింది గానీ చేతులకు ఎక్కలేదు. ఈలోగా దండగ ఖర్చులు ఏరడానికి సోమవారం కమిటీ వస్తోందని విన్నాడు. ఆ పాలిపోయిన పైరు చూస్తే కోడలి ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాడు. రాత్రికి రాత్రే పచ్చబడదని తెలుసు, ఎరువు వేశామని చెప్పుకోవడానికైనా ఉంటుందనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడుతుండగా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఆకలి మడిలో చల్లమని పెద్దాయనకి యూరియా ఇచ్చి పంపారా?"

ఆవిడ స్కూటర్ మీద వచ్చి పడేసరికి ఆయన బుట్ట చంకన పెట్టుకుని, హాయిగా చెయ్యి విసురుతూ సాళ్ళ మధ్య నడుస్తున్నాడు.

"మావయ్యా! ఆపండి!"

"సగం అయిందమ్మాయ్. వాన కూడా వస్తోంది, మంచి అదును."

ఆయన మొదలుపెట్టింది గేటు వైపు, ఎత్తు మీద. వాన పడితే కరిగిందంతా కిందికి, ఇంకా చల్లకుండా మిగిలిన సగంలోకి పారుతుంది. ఏరదామని ఆవిడ వంగింది. తెల్లటి పలుకులు నెర్రెల్లో దూరిపోయాయి. దూరంగా ఉరిమింది.

"మీ చెయ్యి ఎందాకా వచ్చింది? నిజం చెప్పండి."

ఆయన మొహం పాలిపోయింది. "ఇదిగో, ఈ సాలు దాకా."

ఆవిడ పార తీసుకుని ఆ సాలు కింద మొదటి వేటు వేసింది. రెండో వేటు పడేలోపు ఆయన అడ్డొచ్చాడు. "కాదమ్మాయ్. అబద్ధం చెప్పాను. ఇంకో నాలుగు గుప్పిళ్ళు పడ్డాయి. కిందికి జరుగు."

కిందికి జరిగి మడికి అడ్డంగా, జొన్న మొక్కల్ని నరుక్కుంటూ, రోడ్డు పక్క కాలువలోకి నీళ్ళు మళ్ళేలా తవ్వి, ఆ మట్టితో కింది వైపు గట్టు వెయ్యసాగారు. వాచ్‌మన్ ఒక చివర, ఆవిడ ఒక చివర, మధ్యలో మోకాళ్ళు పట్టుకుంటూ పెద్దాయన. గట్టు పూర్తిగా లేవకముందే వాన దిగింది. చూస్తుండగానే ఒక మూల గండి పడింది. పెద్దాయన గబగబా సగం బస్తా ఎత్తుకొచ్చాడు, గండిలో వెయ్యడానికి.

"ఆ బస్తా కాదు మావయ్యా! అందులో ఉన్నదే యూరియా!"

ఆయన దాన్ని రోడ్డు మీదికి విసిరేసి, ఇంకేం దొరక్క, తనే గండిలో కూలబడ్డాడు.

"పెద్దాయనా, లేవండి, జలుబు చేస్తుంది!" అని వాచ్‌మన్ అరిచాడు.

"నువ్వు మట్టి వెయ్యరా! నన్ను తర్వాత తవ్వి తీద్దురుగాని!"

వాన వెలిసేదాకా ఆయన వీపుకు మట్టి ఎగదోస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు సలహా ఇచ్చాడు. "ఇంటి సంగతి బయటపెట్టకమ్మా. పై సగం పచ్చగా లేస్తే చూసేవాళ్ళకి ఇంకా బాగుంటుంది."

ఆవిడ కమిటీకి అంతా చెప్పేసింది. చేసింది మా మావగారేనని కూడా.

"మరి మిగిలింది పనికొస్తుందా?" అని కమిటీ పెద్దమనిషి అడిగాడు.

"కింది సగం ఇలాగే పాలిపోయి ఉంటే వస్తుందండీ. పచ్చబడితే దున్నించేయండి, నేను అడ్డు చెప్పను."

"అయితే చూశాకే నివేదిక రాస్తాం. కబురు చెయ్యండి."

రోజులు గడిచేకొద్దీ పై సగం నవనవలాడింది. టీ కొట్టు దగ్గర అందరూ మెచ్చుకున్నారు. పెద్దాయన టీ సగంలో వదిలేసి లేచిపోయాడు. జీవితమంతా ఆకుపచ్చ కోసం ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున్నే దానికి భయపడుతూ మడి దగ్గరికి నడిచేవాడు. కోడలితో మాట తగ్గింది. అన్నం కూడా తగ్గింది.

గండి పడిన మూల పైరు పచ్చబడింది. ముందు చూసింది ఆయనే. కోడల్ని పిలిచి చూపించాడు.

"ఇది కూడా పోయిందమ్మాయ్."

ఆవిడ మడి హద్దు మేకులు పీకి, ఆ మూలను బయటికి వదిలి, లోపలికి జరిపి పాతింది. మడి ఇంకాస్త చిన్నదైంది. ఆ తర్వాత ఇద్దరూ వంగి మిగిలిన సాళ్ళన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ చివరిదాకా నడిచారు.

"ఈ చివరంతా ఎప్పట్లాగే ఉంది. పసుపే. ఒట్టు" అన్నాడాయన, ఒక ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని. "నువ్వూ చూడు. నా కళ్ళని నమ్మకు."

ఆవిడ చూసింది. వెలుతురుకు పెట్టి ఇంకోసారి చూసింది. అప్పుడు కమిటీకి ఫోన్ చేసింది.