అమావాస్య గుండు

మా అక్క కొడుకు దామోదరసామికి ఇరవై రెండో ఏటే జుట్టు ఊడటం మొదలైంది. దానికి కారణం నేనేనని ఇప్పుడు మా చుట్టాల తీర్మానం. మేనమామ పోలిక అంటారు కదా. ముక్కూ ముఖమూ వాళ్ళ నాన్నవి. నా నుంచి వాడికి దక్కింది నున్నటి నెత్తి ఒక్కటే. నాకైతే ముప్పై దాటాక, పెళ్ళయి బిడ్డ పుట్టాక ఊడింది. పైగా మా కాలంలో తలగుడ్డ ఉండేది. నల్లరేగడిలో పత్తి తీసేవాడి తలగుడ్డ కింద ఏముందో ఎవడూ విప్పి చూడలేదు. దాము కాలానికి తలగుడ్డ పోయింది, ప్రతివాడి చేతిలోకీ కెమెరా వచ్చింది. పెళ్ళిళ్ళలో ఫోటో తీస్తుంటే వాడు నా పక్కన నిలబడేవాడు కాదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత్తర్వాత నేనే పక్కకు జరిగేవాణ్ణి.

వాళ్ళ ఇల్లు కోవిల్పట్టిలో, వాడి ఉద్యోగం విరుదునగర్‌లో. నేను పనిచేసే పప్పుమిల్లుకు దగ్గరలోనే ఒక వ్యవసాయ మోటార్ల అంగడి ఉంది, అందులో వాణ్ణి పెట్టించింది నేనే. రోజూ బస్సులో వచ్చి పోతాడు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు, పక్క నుంచి ఎగదువ్విన నాలుగు వెంట్రుకలూ గాలికి లేస్తాయని. ఉల్లిరసం, మందారాకు, కోడిగుడ్డు, ఆముదం అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఏదో నల్లపొడి తెప్పించి నెత్తిన చల్లుకునేవాడు. విరుదునగర్ ఎండ ఎట్లా ఉంటుందో ఆ పొడి చేసినవాడికి తెలిసినట్టు లేదు. ఒకనాడు మోటారు బేరం చేస్తున్న రైతు మాట మధ్యలో ఆపి, వాడి నుదుటి మీద నల్లగా కారుతున్నదాన్ని తుడుచుకొమ్మని తన తువ్వాలు ఇచ్చాడట. ఆ మధ్యాహ్నం మా మిల్లుకు వచ్చి కందిపప్పు బస్తాల వెనక చాలాసేపు కూర్చున్నాడు.

వాడి ఇరవై ఐదో ఏట మా బావ గుండెనొప్పితో పోయాడు. కొడుకు కాబట్టి కర్మకాండలో తల గొరిగించారు. నెత్తిన ఒక్క వెంట్రుక లేకుండా వాడు కోవిల్పట్టి బజారులో నడిచాడు, ఎవరూ నవ్వలేదు. పెద్ద పెద్దవాళ్ళు ఆగి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు. చాలా రోజుల తర్వాత నా దగ్గర ఆ సంగతి ఎత్తాడు.

"నాయన పోయినారని ఏడస్తిని మామా. కానీ ఆ మొట్టతో బజారులో నడస్తా ఉంటే, ఎన్నేండ్లకో తల ఎత్తుకొని నడస్తిని. తలచుకొంటే నామీద నాకే అసహ్యంగా ఉండాది."

మొట్ట అంటే, తమిళనాట తెలుగు మాట్లాడే మా ఇళ్ళల్లో, గుండు. మాకు గుండుకు రెండే కారణాలు తెలుసు, చావో మొక్కో. రెండింటికీ మర్యాద ఉంది. బట్టతలకు మాత్రం లేదు.

మూడు నెలలకు జుట్టు తిరిగి వచ్చింది. చెవుల మీదా వెనకా దట్టంగానే వచ్చింది, ముందంతా చవుడు తేలిన చేనులా ఉంది. తండ్రి పోయిన ఏడాది గుడికి పోకూడదు, పెళ్ళిమాట ఎత్తకూడదు. ఆ ఏడాది హెల్మెట్, టోపీల చాటున గడిపాడు. జుట్టు పలచబడిందేమిరా అంటే బోరునీళ్ళు అనేవాడు. మా అక్క ముత్తమ్మాళ్ నమ్మింది. కోవిల్పట్టి బోరునీళ్ళ మీద ఏ నింద వేసినా జనం నమ్ముతారు.

సంవత్సరీకం కాగానే విరుదునగర్‌లోనే ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు ఆర్తి, బ్యాంకులో పని. ఫోటోలో చూసి దాముకు నచ్చింది. వాళ్ళకు పంపిన వాడి ఫోటో మాత్రం కాలేజీ నాటిది. ఆదివారం ఆర్తి తండ్రి ఇంటికి వస్తానన్నాడు. శనివారం సాయంత్రం అంగడి నుంచి తిరిగి వస్తూ వీడు సాత్తూరులో బస్సు దిగి, ఇరుక్కంగుడి మారియమ్మ గుడికి పోయి గుండు కొట్టించుకొని, నెత్తిన చందనం పూసుకొని ఇంటికి చేరాడు.

మా అక్క బిత్తరపోయింది. పెళ్ళివారు వచ్చే ముందురోజు ఎవరైనా ఈ పని చేస్తారా అంది.

"నీ కోసరమేమా. నీ ఒళ్ళు బాగుండాలని మొక్కుకొంటిని. ఒక ఏడాది ప్రతి అమావాస్యకూ మొట్ట కొట్టుకొంటానని ఆత్తాకు మాట ఇస్తిని."

మారియమ్మను మేము ఆత్తా అంటాం. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. వీడిది అతికింది, ఎంత బాగా అతికిందంటే తర్వాత పీకినా రాలేదు. ఆర్తి తండ్రి మరుసటి రోజు వచ్చి గుండు చూసి, సంగతి విని, తల్లి కోసం ఇంత చేసే పిల్లవాడు ఈ కాలంలో ఎక్కడ దొరుకుతాడు అన్నాడు. మొక్కు తీరి జుట్టు పెరిగాక మంచిరోజు చూసుకుందామని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. దాము ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

తినడం మానేసింది మా అక్క.

సంగతేమిటంటే, దానికి నెల ముందు ఆమెకు కడుపులో మంట వస్తే దాము ఆసుపత్రికి తీసుకుపోయి స్కాన్ తీయించాడు. డాక్టరు వాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడాడు. కడుపులో పుండు, కారం తగ్గించండి, మాత్రలు ఇట్లా వేయండి, అంతే. వాడు బయటికి వచ్చి, ఏమీ లేదమ్మా అన్నాడు. అప్పుడు ఆమె నమ్మింది. కొడుకు నెల నెలా గుండు కొట్టించుకోవడం మొదలుపెట్టాక ఆలోచనలో పడింది. ఏమీ లేనిదానికి పెళ్ళీడు కుర్రవాడు ఇంత పెద్ద మొక్కు ఎందుకు మొక్కుతాడు? బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమని మనం నవ్వులాటకు అంటాం. మా అక్క నిజంగానే పెట్టింది, గట్టిగా పెట్టింది.

మంగళవారం, శుక్రవారం ఒక్కపొద్దులు పట్టింది. మిగతా రోజుల్లో గంజి. కడంబూరులో ఉన్న కూతురు ప్రియాను పిలిచి ఇత్తడి గిన్నెలు ఇచ్చేసింది. నాలుగో అమావాస్య దాటాక నేను చూడటానికి పోతే, గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. మెడ కింద ఎముకలు కనబడుతున్నాయి. నడుము దాటే జడ మాత్రం అట్లాగే ఉంది, యాభై దాటినా సగమే నెరిసింది.

"తమ్ముడా, డాక్టరు వానికి చెప్పినాడు. వాడు నాకు చెప్పడు. నేనూ అడగను, అడిగితే వాడు తాళలేడు. నేను పోయినాక వానికి ఇంత అన్నం పెట్టేదాన్ని నీవే చూడల్ల."

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా విరుదునగర్ వచ్చి మోటార్ల అంగట్లోంచి దామును బయటికి పిలిచాను. మీ అమ్మ చావుకు సిద్ధమవుతోంది, ఈ రోజే నిజం చెప్పు అన్నాను.

"ఏమని చెప్పేది మామా? ఆర్తి ఇంట్లో తెలిస్తే?"

"ఆర్తికి నీ నెత్తి ముఖ్యమేమో, నాకు మా అక్క ముఖ్యం."

వాడు నా బట్టతల వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపులో నింద ఉంది. ఉండనీ అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి పోయాం. వాడు ఆమె ముందు కింద కూర్చుని చెప్పాడు. తనకు బట్టతల వచ్చేసిందనీ, అది దాచడానికే గుండనీ, మొక్కు లేదు ఏమీ లేదనీ. ఇన్నేళ్ళలో వాడు ఆ మాట నోటితో అనడం అదే మొదలు. నాకు వాడిమీద జాలేసింది.

మా అక్క అంతా విని వాడి చెంప నిమిరింది.

"చాల్లే బిడ్డా. నా కోసరం నిన్ను నీవే బోడివాడని చెప్పుకొంటా ఉండావు. ఆత్తా పేరు చెప్పి ఎవరైనా అబద్ధమాడతారా? ఊరికే సుమ్మా చెప్పొద్దు."

కన్నకొడుకు దేవత పేరిట అబద్ధమాడతాడని ఆమె బుర్రకు ఎక్కలేదు. తల్లిని బతికించుకోవడానికి అబద్ధమాడతాడన్నది సులువుగా ఎక్కింది. మాటలతో తీరేది కాదని నాకు అప్పుడే అర్థమైంది. దాముకు కూడా అర్థమైనట్టుంది. ఆ వచ్చిన అమావాస్యకు వాడు ఇరుక్కంగుడికి పోలేదు. మొక్కు తప్పితే ఆత్తా ఊరుకోదని ఆమె ఏడ్చి కాళ్ళు పట్టుకోబోయింది. వాడు కదల్లేదు. టోపీ తీసి పారేశాడు, నల్లపొడి కూడా చల్లుకోలేదు. ఆ నెత్తితోనే బస్సెక్కాడు, అంగట్లో నిలబడ్డాడు, మోటార్లు అమ్మాడు. అంగట్లో కుర్రాళ్ళు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను. వాడు బక్కచిక్కిపోయాడు.

రెండో అమావాస్య కూడా దాటాక ఒక ఆదివారం పొద్దున, వాకిట్లో ఎండలో మా అక్క ముందు కూర్చుని తల వంచాడు. చూడమ్మా అన్నాడు. చుట్టూ నల్లగా పెరిగింది, నడుమ ఏమీ లేదు. ఆమె అరచేత్తో ముందుకూ వెనక్కూ తడిమింది. చాలాసేపు తడిమింది.

"అట్లయితే నాకు ఏమీ లేదా?"

"ఏమీ లేదమ్మా."

ఆమె ముఖం విప్పారింది. లేచి వంటింట్లోకి పోయి చద్దన్నంలో మజ్జిగ పోసుకొని, ఊరగాయ నంజుకొని తిన్నది. ఆ బట్టతలను చూసి సంతోషపడ్డ మనిషి లోకంలో ఆమె ఒక్కతే. వాడు వాకిట్లోనే కూర్చుని ఆమె తినే చప్పుడు వింటున్నాడు.

ఆర్తి తండ్రికి సంగతి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు, ఆయన అంగడీ, దాము పనిచేసే అంగడీ రెండూ విరుదునగర్ బజారులోనే కదా. బట్టతల అని అనలేదు, మర్యాదస్తుడు. జాతకాలు కుదరలేదని కబురు పంపాడు. జాతకాలు అంతకు ముందే కుదిరాయి.

ఆ కబురు వచ్చిన వారం శుక్రవారం మా అక్క ఇంట్లో కనబడలేదు. ప్రియా ఇంటికీ పోలేదు. దాము బండి వేసుకొని వెతుకుతూ సాత్తూరు దాకా వచ్చి, ఇరుక్కంగుడి బస్సు ఆగే చోట ఆమెను చూశాడు. మొదట గుర్తుపట్టలేదట. నెత్తిన చందనం పూసుకొని, కొంగు భుజం మీదే వదిలేసి, బస్సు కోసం నిలబడి ఉంది. నడుము దాటే జడ లేదు. వాడు బండి మీదే కూర్చుండిపోయాడట.

"ఎందుకమ్మా ఇట్లా చేస్తివి?"

"నీవు ఆత్తా పేరు చెప్పి ఆడిన అబద్ధానికి, నీ జుట్టు రావల్లని అడిగేదానికి, రెండిటికీ కలిపి ఇచ్చేస్తిని. నాది నిజం మొక్కురా."

ఇది జరిగి ఆరు నెలలైంది. మా అక్క నెత్తిన జుట్టు పెరిగి చెవులు దాటింది. వాడి నెత్తి వాడిదే. రోజూ పొద్దున వాడు పనికి బయలుదేరే ముందు ఆమె పిలుస్తుంది, వాడు వాకిట్లో వెలుతురుకు వచ్చి తల వంచుతాడు. ఇన్నేళ్ళూ లోకమంతటికీ దాచిన తలను రోజూ ఒక మనిషికి వంచి చూపిస్తున్నాడు. రాదమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు.

మొన్న నేను ఉండగానే పిలిచింది. వాడు కాఫీ గ్లాసు గట్టుమీద పెట్టి వచ్చి తల వంచాడు. ఆమె వేలితో నుదుటిపైన ఒకచోట నొక్కి పట్టుకొని నన్ను రమ్మంది.

"నా కండ్లకు సరిగా తెలియలేదు తమ్ముడా. ఈడ చూడు. సన్నగా వచ్చినట్టుండాది కదా?"

వంగి చూశాను. చెమట తప్ప ఏమీ లేదు. దాము కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"ఉండాదక్కా" అన్నాను.