ముందు ఆగింది ఆయనే

ఒక్క వాక్యం. ఇంగ్లీషులో, ఓ పోలీసు కానిస్టేబుల్‌కి చెప్పాను. చెప్పడానికి ఎంతసేపు పట్టింది? ఊపిరి పీల్చి వదిలినంత. మోయడం మాత్రం పాతికేళ్ళు దాటినా అయిపోలేదు. మా ఆవిడకి కూడా తెలియదు. మింగలేక, కక్కలేక అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ మాత్రం నోరు పెగులుతోంది.

దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలయ్యి ఏడాది. కొత్త జెండా అప్పటికింకా ఎక్కడ చూసినా కొత్తగానే ఉంది. నేను విశాఖ నుంచి డర్బన్ వచ్చి నాలుగు నెలలు. ప్రాస్పెక్టన్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం. బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో లేదో పరీక్షించే ఇంజనీరుని. నవ్వుకోండి, పర్లేదు. నాకే నవ్వొస్తుంది ఒక్కోసారి.

ఆ శనివారం పొద్దున్న మా ఆవిడ మునక్కాడల పులుసు తినాలనుంది అంది. అయిదో నెల. వెరులం బజారులో మునక్కాడలు దొరుకుతాయని ఎవరో చెబితే బయల్దేరాం. దారంతా దానికి వికారం. సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

ఊరు వస్తుందనగా ఓ కూడలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులే. అక్కడ పద్ధతేమిటంటే, ఎవరైనా సరే గీత దగ్గర పూర్తిగా ఆగాలి, ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళ్ళాలి. పోలీసు ఉండడు, లైట్లు ఉండవు. ఒకరి మీద ఒకరికి నమ్మకం, అంతే. ఈ సంగతి నాకు తెలియక కాదు. పుస్తకం కొని చదివాను కూడా. కానీ చెయ్యి మన చెయ్యే కదా! ఎడమవైపు నుంచి ఓ పాత పికప్ వచ్చి గీత దగ్గర ఆగడం చూశాను. వాడు ఆగాడులే అనుకున్నాను. మన ఊళ్ళో ఆగినవాడంటే దారిచ్చినవాడే. హారన్ కొట్టాను. వెళ్ళిపోయాను. తన వంతు వచ్చిందని ఆయన కదిలాడు. ఆయన తలుపు మీదికే నా కారు పోయి గుద్దుకుంది.

నాకు ఏమీ కాలేదు. మా ఆవిడకీ ఏమీ కాలేదు, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది, అంతే. పికప్‌లోంచి ఓ పెద్దాయన దిగాడు. నుదుటి మీద నెత్తురు. తన దెబ్బ తుడుచుకోకుండా తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. నా మొహం చూశాడు, మా ఆవిడ బొట్టు చూశాడు, అది "అమ్మా" అని మూలగడం విన్నాడు.

"దెబ్బ తగిలిందా బాబూ? పిల్ల బాగుందా?"

తెలుగు! ఆ రోడ్డు మీద!

"తాతా, మీరు తెలుగువాళ్ళా?"

"ఔ బాబూ. మా తాత చెరుకు తోటల పనికి ఓడ మీద వచ్చినాడు. నువ్వు ఇండియా నుంచా? అయ్యో, షేమ్, పాపం! కడుపుతో ఉన్నాది పిల్ల... భయం వద్దమ్మా. నా తప్పు, నా తప్పు. నీళ్ళు తాగు."

ఆ "నా తప్పు" అన్న మాట ఎలాంటిదో మీకు వేరే చెప్పాలా? మన ఇంటికొచ్చిన మనిషి చెయ్యి తగిలి గ్లాసు పడిపోతే, మన అమ్మలు ఏమంటారు? "నాదే తప్పు నాయనా, దారిలో పెట్టాను" అంటారు. ఎదుటి మనిషి కంగారు తగ్గించడానికి అనే మాట. తాతల నాటి నుంచి నూరేళ్ళకి పైగా సముద్రానికి ఇవతల ఉండి, సగం భాష పోగొట్టుకుని కూడా, ఆ మర్యాద మాత్రం పోగొట్టుకోలేదు ఆయన.

కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదగానే ఉన్నాడు. పెద్దాయన ఇంకా మా ఆవిడకి తెలుగులో ధైర్యం చెబుతూనే ఉన్నాడు. నోట్‌బుక్ తీసి, "పెద్దాయన ఏమంటున్నాడు?" అని నన్ను అడిగాడు.

"తప్పు తనదే అంటున్నాడు," అన్నాను.

అదీ వాక్యం.

అబద్ధమా? ఆయన అనలేదా? అన్నాడుగా! ఉన్నది ఉన్నట్టు అనువాదం చేశాను, అంతేగా! ఈ వాదన నాతో నేను ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ప్రతిసారీ గెలిచాను. గెలిచిన ప్రతిసారీ నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. కేసు నా మీద పడితే వీసా పోతుందేమో, కడుపుతో ఉన్న మనిషిని పెట్టుకుని తిరిగి వెళ్ళాలేమో అని భయం, నిజమే. భయపడ్డవాళ్ళందరూ ఇలాగే చేస్తారా?

ఆయనకి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. విన్నాడు. నా వైపు చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యంలాంటిది ఏదో. తర్వాత మా ఆవిడ వైపు చూశాడు. కానిస్టేబుల్ "నిజమేనా?" అంటే తలూపాడు. ప్రభుత్వం మారింది గానీ, పోలీసు బట్టల ముందు ఎదురు మాట్లాడకూడదన్న పాత అలవాటు ఆ వయసులో ఎక్కడ పోతుంది? కాయితం ఇస్తే సంతకం పెట్టాడు. జరిమానా కట్టేస్తే అయిపోతుంది అనుకున్నాడు. అక్కడ అలా కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే, పేరు మీద మచ్చ ఉండిపోతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆర్నెల్ల తర్వాత వెరులం బజారులో మునక్కాడలమ్మే ఆవిడ చెప్పింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో స్కూలు బస్సు నడిపేవాడట. ఒక్క గీత కూడా పడనివ్వలేదట. ఆ కేసుతో జనాన్ని ఎక్కించుకునే లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, వేరేవాడు నడిపే తన బస్సుకి చెయ్యి ఊపుతాడట.

అప్పుడైనా వెళ్ళి చెప్పవచ్చు. వెళ్ళలేదు. పాప పుట్టింది. వీసా మళ్ళీ పొడిగించుకోవాలి. ఇవన్నీ సాకులేనని అప్పుడూ తెలుసు.

మూడేళ్ళకి వెరులం గుడిలో అమ్మవారి పూజ దగ్గర నన్ను ఆయనే గుర్తుపట్టాడు. మా పాపని ఎత్తుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా ఇండియా బాబు. నేనే గుద్దీసినాను ఈళ్ళ కారుని!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనేమన్నానో తెలుసా?

"పర్లేదు తాతా, అయిపోయిందేదో అయిపోయింది."

క్షమించాను. నేను, ఆయన్ని. ఛీ!

ఇంకొన్నేళ్ళకి ఆయన పోయాడని తెలిసి అంత్యక్రియలకి వెళ్ళాను. వెనక వరసలో నిలబడ్డాను. ఆయన కొడుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషికి తెలుగు రాదు. ఇంగ్లీషులో అన్నాడు: "చివరి రోజుల్లో నాన్నకి ఒకటే ధ్యాస. ఆ కూడలిలో నేను ఆగానా, ఆగలేదా అని అందరినీ అడిగేవాడు. మాకేం తెలుసు? ఆగే ఉంటావులే నాన్నా అనేవాళ్ళం. నమ్మేవాడు కాదు."

జవాబు తెలిసిన మనిషిని ఒక్కణ్ణే ఆయన అడగలేదు. అడగడానికి నేను అక్కడ లేను. కొడుకు చెయ్యి వదిలించుకుని కారెక్కాను. ఆ కొడుక్కి కూడా చెప్పలేదు.

ఇదంతా రాస్తే ఆయన బస్సు తిరిగి రాదు. మీరు నన్ను మంచివాణ్ణి అనక్కర్లేదు, నాకు ఆ ఆశ లేదు. ఒక్క మాట సరిగ్గా రాసి పెట్టాలి, కానిస్టేబుల్ పుస్తకంలో ఆనాడే పడాల్సిన మాట. చెయ్యి ఇప్పుడు కాస్త తేలిగ్గా కదులుతోంది.

ఆగారు తాతా. గీత మీదికి చక్రం రాకుండా ఆగారు. నేను చూశాను. చూస్తూనే హారన్ కొట్టాను.