కొబ్బరినూనె సీసా

గుంటూరు దగ్గర పల్లె బడిలో నేను టీచరుగా కొత్తగా చేరినప్పుడు, మా పెద్ద టీచరుగారు రోజూ హాజరు వేయకముందే, "చేతులు చూపించండమ్మా" అనేవారు. గోళ్లు చూస్తున్నారనుకున్నాను. కాదు. కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు వచ్చిన కూలీల పిల్లలు, పొద్దున్నే చేలో కాయలు కోసి బడికొచ్చేవాళ్లు. చేతుల మంటకి పెన్సిలు పట్టుకోలేకపోయేవాళ్లు. ఆవిడ ఒక్కొక్కరి అరచేతులకూ కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, "కళ్లు నలుపుకోకండి" అని చెప్పి, అప్పుడు పుస్తకాలు తీయించేవారు.

"కోతకి పంపొద్దని వాళ్ల అమ్మానాన్నలకి గట్టిగా చెప్పొచ్చు కదండీ?" అన్నాను ఒకసారి, కాస్త కోపంగానే.

"గట్టిగా చెబితే మానిపించేది కోత కాదమ్మా, బడి."

వాళ్లలో ఒక పిల్ల అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ఒకరోజు నవ్వుతూ చేతులు చాపింది.

"ఈరోజు మంట లేదు టీచర్."

ఆవిడ ఆ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"కోతలైపోయాయా తల్లీ?"

"ఆఁ. రేపు లారీ వస్తాదంట. ఊరికి పోయి, ఆడనుంచి బెంగళూరు పనికి పోతాం."

ఆవిడ సీసా మూత తీసి, మంట లేని ఆ చేతులకి నెమ్మదిగా నూనె రాశారు.