ఎక్కువ రాసిన ఏడాది

మా క్లాసులో ఇరవై మందికి పైగా జూన్ ఒకటిన పుట్టాం. రాయచూరు చుట్టుపక్కల నా ఈడువాళ్ల మార్కుల కార్డులు తీసి చూడండి, సగం ఊరు ఆ రోజే భూమ్మీద పడినట్టు ఉంటుంది. బడి తెరిచే రోజు అది. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదంటే హెడ్మాస్టరు ఆ తేదీ వేసి, బడిలో చేరడానికి ఎంత వయసు కావాలో చూసుకుని సంవత్సరం రాసేవారు. చాలా ఏళ్లు నేను దాన్ని స్నేహితులకు నవ్వుతూ చెప్పుకున్నాను.

నిజానికి నేను నా కార్డులో రాసిన దానికి తర్వాతి ఏడాది, పీర్ల పండుగ ముగిసిన మూడో రోజున పుట్టాను. నాయన పోయాక అమ్మ పత్తి మిల్లులో పనికి కుదిరింది. నన్ను చూసుకునేవాళ్లు లేరు. నాలుగేళ్లు కూడా నిండని నన్ను తీసుకెళ్లి, అయిదు నిండాయని చెప్పి, బడిలో కూర్చోబెట్టి మిల్లుకు వెళ్లిపోయింది. పదో తరగతిలో ఉండగా, కావాలంటే తేదీ ఇప్పుడే దిద్దించుకోమని సారు చెప్పారు. వయసు చాలదని పరీక్షకు కూర్చోనివ్వరేమోనని భయపడి నేనే వద్దన్నాను. తెలివైనవాణ్ణి కదా.

నిరుటి జూన్ నాటి మాట ఇది. అప్పటికి బెంగళూరులో ఒక ల్యాబ్‌లో కేన్సర్ ఇమ్యునాలజీ చేసేవాణ్ణి. రోగాలతో పోరాడే కణాలు మన ఒంట్లోనే ఉంటాయి. కొందరిలో అవి కేన్సర్ గడ్డను పోల్చుకుని మీద పడతాయి, కొందరిలో దాని పక్కనుంచే వెళుతూ పట్టించుకోవు. ఎందుకన్నదే నా ప్రశ్న. నలభై మంది రోగుల దగ్గర వైద్యానికి ముందూ తర్వాతా రక్తం తీసుకుని, కణాలు వేరుచేసి ఫ్రీజర్‌లో దాచాను. వాటిని పరీక్షించి తేల్చడానికి ఇంకో మూడేళ్లు కావాలి. నాకు జీతమొచ్చే ప్రాజెక్టేమో ఆ నెలాఖరుతో సరి. మూడేళ్లూ నిలబెట్టే పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఒక్కటే మిగిలింది, దానికి ముప్పై అయిదు దాటకూడదన్నారు. దరఖాస్తులో పుట్టిన తేదీ కొట్టగానే పేజీ ముందుకు కదలనంది. గడువు నాటికి కాగితం మీద నాకు ముప్పై అయిదు దాటి పంతొమ్మిది రోజులవుతుంది.

రాయచూరు వచ్చాను. ఇంట్లో పుట్టినవాణ్ణి, మున్సిపాలిటీ రిజిస్టరులో నా పుట్టుకే లేదు. కోర్టుకు పోతే ఏడాదైనా పడుతుందని వకీలు అన్నాడు. ఫెలోషిప్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, పదో తరగతి మార్కుల కార్డు తప్ప ఇంకేదీ చెల్లదని ఒక అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకు నాకు మరీ ఒళ్లు మండింది. మా గైడ్‌కు చెబితే, ఆరు నెలలు చూసి ఫ్రీజర్ ఖాళీ చేయక తప్పదన్నారు. ఆ కోపమంతా తెచ్చి అమ్మ మీద పోశాను. ఇంకొక్క ఏడు ఆగితే నీ సొమ్మేం పోయేదని అడిగాను. మిల్లులో దూది పీల్చి తెచ్చుకున్న దగ్గు దగ్గుతూ విన్నది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు నేను లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. పదకొండింటికి ఎండనపడి వచ్చింది. ఒక్కతే నా పాత బడికి వెళ్లి, తప్పు తనదేనని రాసిమ్మని అడిగిందట. హెడ్మిస్ట్రెస్ పాత రిజిస్టరు తీయించి చూపించి, దీన్నిప్పుడు ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి పంపేసిందట.

"శాలె పుస్తకంల నా వేలిముద్ర ఇంక గట్లనే ఉంది బిడ్డా," అన్నది గడపలో కూర్చుంటూ. "అయిదు నిండినయని చెప్పి నేనే వేలేసిన. అప్పుడు నాకు సంతకం రాకపోతుండె."

నా దగ్గరా అలాంటి వేలిముద్రలున్నాయని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. రక్తం ఇచ్చేముందు రోగులు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. వాటిలో సగానికి పైగా వేలిముద్రలే. నేనే ఇంకు ప్యాడ్ పట్టుకుని, కన్నడంలోనో తెలుగులోనో చదివి వినిపించి, దీనివల్ల మీకు మేలు జరగకపోవచ్చు, మీ తర్వాత వచ్చేవాళ్లకు జరుగుతుందని చెప్పి వేయించుకున్నాను. లింగసుగూరు నుంచి వచ్చిన ఒకావిడ బొటనవేలు కొంగుకు తుడుచుకుంటూ, అట్లయితే ఇంకో సీసా తీసుకోమంది.

ఆమె ఇప్పుడు ఉందా అని అమ్మ అడిగింది. లేదన్నాను. వాళ్లలో చాలామంది లేరు, ఆ కణాలు పారేసినా ఇక ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేదని కూడా అన్నాను. వారం రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే అది.

అమ్మ తన బొటనవేలు చూసుకుంది.

"వేలేసినోళ్లు పోయిండ్రు," అన్నది. "ఏయించుకున్నోడివి నువ్వున్నవు గదా."

సాయంత్రం బెంగళూరు బస్సుకు సంచి సర్దుకోవాలి. నేను ఆమె పక్కనే గడపలో కూర్చుండిపోయాను.